ఆకలేస్తేనే నూనె పట్టే పాచి

నీటి పాచి (ఆల్గే) నుంచి ఇంధనం తీసే పరిశోధనకు అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ డబ్బు ఆపేసిందని 2023 మొదట్లో వార్త వచ్చింది. 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని 2009లో అట్టహాసంగా మొదలుపెట్టిన పని అది. కానీ అందులోని చిక్కుముడి 2009 నాటిది కాదు.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపేయడంతో అమెరికాకు టెన్షన్ పట్టుకుంది. వేరే దారులు వెతుకుతూ 1978లో అక్కడి ఇంధన శాఖ ‘ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రాం’ చేపట్టింది. శాస్త్రవేత్తలు ఉప్పు కుంటలూ తీరాలూ తిరిగి 3,000కు పైగా రకాల సూక్ష్మ పాచి పోగుచేసి, వడపోసి 300 దాకా మిగుల్చుకున్నారు. 18 ఏళ్లకూ కలిపి అయిన ఖర్చు దాదాపు 2.5 కోట్ల డాలర్లు. పని బరువుకి అది చిల్లర డబ్బే.

చిక్కు అప్పుడే బయటపడింది. నత్రజని అందకుండా మాడిస్తే పాచి కణం ఒంట్లో నూనె కూడబెట్టుకుంటుంది. అయితే మాడిన కణం పెరగదు, రెండుగా చీలదు. కణం లెక్కన నూనె ఎక్కువ, చెరువు లెక్కన తక్కువ! నూనె తయారీకి తాళంచెవి అనుకున్న ఎంజైము జన్యువును డయాటమ్ అనే ఒక రకం సూక్ష్మ పాచిలో అదనంగా ఎక్కించి చూశారు. ఎంజైము పెరిగింది గానీ నూనె పెరగలేదు.

న్యూమెక్సికోలోని రాస్‌వెల్‌లో 1,000 చదరపు మీటర్ల చెరువుల్లో పెంచినప్పుడు రాత్రి చలి దిగుబడిని దెబ్బతీసింది. ల్యాబ్ నుంచి తెచ్చిన రకాలను స్థానిక పాచి తోసేసింది. భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, నీటి రంగు రైతు మాట వినదు. పైగా లీటరు చెరువు నీటిలో ఎండు పాచి గ్రాము కూడా తూగదు. కిలో కావాలంటే టన్నుకు పైగా నీళ్లు వడకట్టాలి.

ఎంత ఆశగా లెక్కేసినా పాచి డీజిల్ ధర మామూలు డీజిల్‌కు రెట్టింపు తేలింది. ముడి చమురు బ్యారెల్ 20 డాలర్ల దగ్గర ఆడుతున్న రోజులవి. నిధుల కోతతో 1996లో కార్యక్రమం మూతపడింది.

2008లో బ్యారెల్ 147 డాలర్లు తాకగానే పాచికి మళ్లీ గిరాకీ. సొలజైమ్ కంపెనీ ఎండ గొడవే లేకుండా ట్యాంకుల్లో చక్కెర మేపి నూనె తీసింది, అమెరికా నేవీకి ఇంధనమూ అమ్మింది. చక్కెర కొని డీజిల్ చేయడమేమిటని నాకైతే అప్పుడే అనిపించింది. పేరు మార్చుకుని ఆహార నూనెల వైపు మళ్లినా ఆ కంపెనీ 2017లో దివాలా తీసింది.

అదే ఏడాది ఎక్సాన్, దాని భాగస్వామి సింథటిక్ జీనోమిక్స్ పాత ముడి కొంత విప్పాయి. జన్యువు సవరించి, ఎదుగుదల పెద్దగా తగ్గకుండానే పాచిలో నూనెను 20 శాతం నుంచి 40 శాతం పైకి తెచ్చారు. 2025 నాటికి రోజుకు 10,000 బ్యారెళ్లు తీయగల స్థాయికి చేరతామన్నారు. ల్యాబ్‌లో విడిన ముడి వ్యాపార స్థాయికి చేరకముందే ఎక్సాన్ తప్పుకుంది.

పాచి నూనె మాత్రం ఎప్పటి నుంచో మార్కెట్లోనే ఉంది, పసిపిల్లల పాలపొడిలో కలిపే డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వుగా, శాకాహారుల ఒమేగా-3 మాత్రలుగా.