గ్రామ్ అంటే తూకం కాదు

మూత్రంలోని క్రిములను పెంచి చూసే యూరిన్ కల్చర్ రిపోర్టు చేతికొస్తే అందులో ‘గ్రామ్ నెగెటివ్’ అనో ‘గ్రామ్ పాజిటివ్’ అనో ఓ ముక్క కనిపిస్తుంది. నెగెటివ్ అని చూసి ‘హమ్మయ్య, ఏమీ లేదు’ అనుకునేవాళ్లూ ఉన్నారు. అలా కాదు. గ్రామ్ ఒక డాక్టరు పేరు.

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1853లో కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. వైద్యం చదివి బెర్లిన్ వెళ్లాడు. 1884లో అక్కడ కార్ల్ ఫ్రీడ్‌లెండర్ అనే డాక్టరు దగ్గర, న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియాను వెతికే పనిలో ఉన్నాడు. రంగు వేస్తే క్రిములకే కాదు, చుట్టూ ఉన్న కణజాలానికీ పట్టేసేది. మసక వెలుతురులో బియ్యంలో రాళ్లు ఏరినట్టుండేది పని.

గ్రామ్ ముందు జెన్షన్ వయొలెట్ వేశాడు. పిల్లల నోటిపూతకు రాసే ఊదా మందు ఉందే, అదే. దానిమీద అయోడిన్ ద్రావణం పోసి, ఆల్కహాల్‌తో కడిగాడు. కణజాలం రంగు వదిలేసింది, క్రిములు ముదురు ఊదాగా మిగిలాయి. అన్నీ కాదు. టైఫాయిడ్ క్రిముల్లాంటివి అక్షరాలా తెల్లబోయాయి! గ్రామ్‌కు ఇది లోపంగానే తోచింది. తన పద్ధతి అసంపూర్ణమనీ, అయినా ఎవరికైనా పనికొస్తుందేమోననీ వ్యాసంలో మొహమాటంగా రాసుకున్నాడు. ఆ లోపమే అసలు సంగతని తర్వాత తేలింది.

కొన్ని బ్యాక్టీరియాకు గోడ మందం. ఆల్కహాల్ తగలగానే అది బిగుసుకుపోయి, అయోడిన్‌తో కలిసి ముద్దకట్టిన రంగును లోపలే పట్టి ఉంచుతుంది. అవి గ్రామ్ పాజిటివ్. నెగెటివ్ వాటి గోడ పలచన, దానిపైన కొవ్వుతో చేసిన ఇంకో పొర. ఆల్కహాల్ ఆ పొరను చెరిపేస్తే రంగు కారిపోతుంది. వాటిని కళ్లకు కనిపించేలా చేసే సఫ్రనిన్ ఎరుపు తర్వాతివాళ్లు చేర్చింది. ఈ పైపొరే చాలా యాంటీబయాటిక్‌లను గడప దాటనివ్వదు. వ్యాంకోమైసిన్ గ్రామ్ నెగెటివ్ వాటిమీద పనిచేయకపోవడానికి కారణం ఇదే.

గ్రామ్ మాత్రం ఊరెళ్లి 1891లో ఔషధశాస్త్ర ప్రొఫెసరయ్యాడు. 1938లో కన్నుమూశాడు.

కల్చర్ పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. స్లైడు మీద ఈ నాలుగు సీసాల పని, అంటే గ్రామ్ స్టెయిన్, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) అనుమానంతో పిల్లాడి వెన్నునీరు ల్యాబుకు పంపిన రాత్రి, డ్యూటీ డాక్టరు టెన్షన్‌గా ఫోన్ చేసి అడిగే మొదటి మాట, “గ్రామ్ స్టెయిన్‌లో ఏమొచ్చింది?”