నారింజ పడవ, నీలి నది: ఇంప్రెషనిస్టుల నది చిత్రాలపై అపోహలు - వాస్తవాలు

తైలవర్ణ చిత్రణ నేర్పేటప్పుడు నేను విద్యార్థుల ముందు తప్పక ఉంచే చిత్రం, క్షణకాలపు వెలుగును, రంగులను పట్టుకోవాలని చూసిన ఫ్రెంచ్ ఇంప్రెషనిస్టు చిత్రకారులలో ఒకరైన రెన్వార్ 1875లో వేసిన ‘ది స్కిఫ్’ (చిన్న తెడ్ల పడవ). లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఈ చిత్రంలో ఫ్రాన్స్‌లోని సెయిన్ నది మీద నారింజ రంగు పడవలో ఇద్దరు స్త్రీలుంటారు. వెనుక రైలు వంతెన కనిపిస్తుంది.

అపోహ: నీలం పూసి, తెల్లగీతలు పెడితే నీరవుతుంది.

వాస్తవం: నదిలో మనం చూసేది చాలావరకు నీటి రంగు కాదు, దాని మీద పడిన ఆకాశపు, ఒడ్డు రంగులు. దూరాన చూపు ఏటవాలుగా తాకుతుంది కనుక ఆకాశమే ఎక్కువగా కనిపిస్తుంది. కాళ్ల దగ్గర చూపు నిటారుగా దిగుతుంది కనుక లోతులోని రంగూ కలుస్తుంది.

అపోహ: ప్రతిబింబమంటే పడవ బొమ్మను తలకిందులుగా వేయడమే.

వాస్తవం: విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒడ్డున నిలబడిన మనకు పడవలోని పీటలు కనిపిస్తాయి గానీ, నీటిమట్టం నుంచి పైకి చూసే కంటికి ఏది కనిపిస్తుందో అదే ప్రతిబింబిస్తుంది కనుక, నీటిలో మనకు పడవ బయటి పక్కే కనబడుతుంది. సన్నని అలలున్నప్పుడు ఆ ప్రతిబింబం నిలువునా సాగి, అడ్డంగా ముక్కలవుతుంది. సాధారణంగా లేత రంగులు నీటిలో కొంత ముదురుగా, ముదురు రంగులు కొంత లేతగా కనిపిస్తాయి. ఈ క్రమం తప్పితే ఎంత చక్కని పడవైనా నీటి మీద నిలవదు.

అపోహ: నలుపు లేకుండా గాఢత రాదు.

వాస్తవం: ‘ది స్కిఫ్’లో నలుపు గానీ మట్టిరంగులు గానీ లేవని గ్యాలరీ వారి శాస్త్రీయ పరీక్షలో తేలింది. కోబాల్ట్ నీలం పక్కన క్రోమ్ నారింజ నిలిచినప్పుడు రెండూ మరింత వెలుగుతాయి. ఇలాంటి విరుద్ధ వర్ణాల ప్రభావాన్ని రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లోనే తన గ్రంథంలో వివరించారు. ఈ చిత్రపు బలమంతా ఆ రంగుల జంటలోనే ఉందని నా అభిప్రాయం.

అపోహ: ఇంప్రెషనిస్టుల చిత్రాలన్నీ ఒక్క పూటలో, ఆలోచన లేకుండా వేసినవి.

వాస్తవం: 1841లో వచ్చిన లోహపు రంగుగొట్టాలు ఆరుబయట పనిని సులభం చేశాయి, ఇంప్రెషనిస్టు చిత్రకారుడు మోనే పారిస్ దగ్గర సెయిన్ ఒడ్డునున్న అర్జెంతెయ్‌లో పడవనే చిత్రశాలగా మార్చుకున్నారు, అందులో పనిచేస్తున్న ఆయనను మరో చిత్రకారుడు మానే 1874లో చిత్రించారు. అయినా ఆరిన పొర మీద మళ్లీ రంగు వేసిన గుర్తులు ఇంప్రెషనిస్టుల కాన్వాసులలో చాలా చోట్ల కనిపిస్తాయి. తడి నీలం మీద నారింజను రుద్దితే రెండూ కలిసి మసకబారతాయి కనుక, కుంచెను ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా ఈ పనిలో భాగమే.