పూడిక లెక్క

చిన్న పట్టణాల కౌన్సిల్ అజెండా తీసి చూస్తే ఒకదానికొకటి పొంతన లేని అంశాలు వరుసగా కనిపిస్తాయి. పార్కులో తెగిన ఉయ్యాల గొలుసు, ఊరి చివరి మురుగునీటి చెరువు నుంచి వాసన వస్తోందన్న ఫిర్యాదు, సిబ్బంది పింఛను నిధికి ఈ ఏడాది కట్టాల్సిన వాటా. ఉయ్యాల మీద గంటసేపు వాదోపవాదాలు నడుస్తాయి. వాసన మీద పావుగంట. పింఛను అంశాన్ని గబగబా చదివి ఆమోదించేస్తారు. ఉయ్యాల గురించి అందరికీ తెలుసు, అందరూ మాట్లాడగలరు, కాబట్టి ఇందులో వింతేమీ లేదు. కానీ ఊరికి అసలు భారం ఎక్కడ పేరుకుంటోందో చూస్తే ఈ వరుస తలకిందులుగా ఉండాలి.

ఊరి మురుగును శుద్ధిచేసే ఆ చెరువు దగ్గర నిలబడితే అక్కడ ఏ పనీ జరుగుతున్నట్టు ఉండదు. పెద్ద యంత్రాలు లేవు, చప్పుడు లేదు, పచ్చటి నీళ్లు, గట్టు మీద కొంగలు. చిన్న ఊళ్లకు ఇది నచ్చడానికి కారణమూ అదే. కరెంటు ఖర్చు తక్కువ, మనుషులు తక్కువ. అమెరికాలో నమోదైన మొదటి మురుగు చెరువు 1901లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో వచ్చింది. ఆ దేశ పర్యావరణ సంస్థ 2011లో వేసిన అంచనా ప్రకారం అక్కడ ఇలాంటివి 8,000కు పైనే ఉన్నాయి, దేశంలోని మురుగుశుద్ధి కేంద్రాల్లో సగానికి మించి ఇవే. పెద్ద నగరాలకు పనికిరావనీ కాదు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ మురుగులో దాదాపు సగం వెర్రిబీ దగ్గరి చెరువులకే వెళ్తుంది. 1890ల్లో మొదలైన ఆ కేంద్రం దాదాపు 10,500 హెక్టార్లలో పరుచుకుని ఉంది. పక్షుల్ని చూడ్డానికి జనం అక్కడికి ప్రత్యేకంగా వెళ్తారు.

నీళ్లలో ఏం జరుగుతుందో చూద్దాం. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా తింటుంది. తినడానికి దానికి ఆక్సిజన్ కావాలి. ఎంత కావాలన్నదే మురుగు బలానికి కొలత, దాన్నే బీఓడీ అంటారు. ఒక మనిషి వాటా రోజుకు 50 గ్రాముల దాకా ఉంటుంది. యంత్రాలతో నడిచే కేంద్రంలో ఈ ఆక్సిజన్‌ను బ్లోయర్లు గాలి ఊది అందిస్తాయి, కరెంటు బిల్లులో సింహభాగం వాటిదే. చెరువులో ఆ పని నాచు చేస్తుంది. ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్ వదులుతుంది. బ్యాక్టీరియా దాన్ని వాడుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, నాచు దాన్ని తీసుకుంటుంది. క్లామిడోమోనాస్, యూగ్లినా లాంటి సూక్ష్మజీవులు తోకల్లాంటి కశాభాలతో ఈదుతూ వెలుతురు ఉన్న లోతుకు చేరుకుంటాయి. మీటరు, మీటరున్నర లోతున్న చెరువులో పై పొర ఆక్సిజన్‌తో నిండి ఉంటే, అడుగున ఆక్సిజన్ జాడే ఉండదు. అక్కడ వేరే జాతి బ్యాక్టీరియా మడ్డిని కుళ్లబెట్టి మీథేన్ బుడగలుగా పైకి పంపుతుంది.

మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి నాచు ఎంత జోరుగా పనిచేస్తుందంటే, బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ దానికి చాలదు. నీళ్లలో కరిగి ఉన్న బైకార్బనేట్ నుంచి లాక్కుంటుంది. దాంతో నీటి క్షారగుణం పెరిగి పీహెచ్ 9 దాటుతుంది. మన పేగుల్లో హాయిగా బతికే బ్యాక్టీరియాలో చాలా భాగం ఆ నీళ్లలో నిలవలేదు. పైనుంచి ఎండ కూడా వాటిని చంపుతుంది. క్లోరిన్ చుక్క కలపకుండానే రోగకారక బ్యాక్టీరియా ఇంతగా తగ్గడం ఈ చెరువుల గొప్ప. రాత్రయితే నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకునే జీవే, తెల్లవారేసరికి నిల్వ అడుగంటుతుంది. అందుకే పొద్దున ఆరింటికి తీసిన నమూనా, మధ్యాహ్నం రెండింటికి తీసిన నమూనా రెండు వేర్వేరు చెరువులవేమో అన్నట్టు ఉంటాయి. పరీక్ష ఫలితం పక్కన వేళ రాయని నివేదికను నమ్మకపోవడం మంచిది.

రంగు చూసి కూడా చాలా చెప్పొచ్చు, కానీ కంటికి ఇంపుగా ఉన్నదల్లా మంచిదనుకుంటే మోసపోతాం. చిక్కటి ఆకుపచ్చ ఆరోగ్యం. గులాబీ, ఊదా రంగులోకి తిరిగిందంటే మోతాదుకు మించి మురుగు చేరిందని, గంధక బ్యాక్టీరియా పెరిగిందని అర్థం. అవి వాసన కొట్టే సల్ఫైడ్‌ను తినేస్తాయి కాబట్టి ఆ రంగు కొంత మేలు కూడా చేస్తోందనాలి. అసలు తిరకాసు తేట నీళ్లతో. ఒక్కోసారి డాఫ్నియా అనే నీటి ఈగలు విపరీతంగా పెరిగి నాచునంతా మేసేస్తాయి, నీళ్లు అద్దంలా మారతాయి. చూసినవాళ్లు చెరువు బాగుపడిందనుకుంటారు. ఆక్సిజన్ తయారుచేసేవాళ్లు మాయమైన సంగతి వాసన మొదలయ్యాక తెలుస్తుంది.

నిబంధనలు రాసేవాళ్లకూ నాచు తలనొప్పే. అమెరికాలో 1972 చట్టం తర్వాత శుద్ధిచేసి వదిలే నీళ్లలో బీఓడీ, తేలాడే ఘనపదార్థం రెండూ లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదన్న నెలసరి హద్దు పెట్టారు. చెరువు నుంచి బయటికొచ్చే నాచు కూడా తేలాడే పదార్థమే కదా. శుద్ధి చేసిన జీవే మురికి కింద లెక్కపడింది. చివరికి 1984లో ఇలాంటి కేంద్రాలకు హద్దును 45కు సడలించారు.

ఇక అడుగున పేరుకునే మడ్డి. కుళ్లగా మిగిలింది, ఇసుక, చనిపోయిన నాచు అన్నీ కలిసి వెచ్చటి వాతావరణంలో మనిషికి ఏడాదికి 0.04 ఘనపు మీటర్లు, అంటే 40 లీటర్లు మిగులుతుందని ఇంజనీర్లు లెక్కేస్తారు. 5,000 మంది ఉన్న ఊరు తీసుకుందాం. రోజుకు 250 కిలోల బీఓడీ. నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలుంటే హెక్టారు చెరువు రోజుకు 350 కిలోల దాకా అరిగించుకోగలదు, కాబట్టి 0.7 హెక్టార్లు చాలు. ఏటా పడే మడ్డి 200 ఘనపు మీటర్లు. ఆ విస్తీర్ణంలో పరిస్తే మూడు సెంటీమీటర్ల కంటే కాస్త తక్కువ మందం. నీటి లోతులో మూడో వంతు నిండితే పూడిక తీయాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. మీటరున్నర చెరువులో మూడో వంతంటే 50 సెంటీమీటర్లు. లెక్క వేస్తే 18 ఏళ్లు.

ఈ 18 దగ్గర కాసేపు ఆగాలి. నాలుగైదేళ్లకోసారి ఎన్నికలు జరిగే ఊళ్లో అప్పటికి కౌన్సిల్ మూడు నాలుగు సార్లు మారిపోతుంది. ఏ ఒక్క కౌన్సిల్ హయాంలోనూ చెరువు చెడిపోలేదు. ఏటా మూడు సెంటీమీటర్లు ఎవరి కంటా పడలేదు. ఆఖరి కౌన్సిల్ నెత్తిన మాత్రం 3,600 ఘనపు మీటర్ల బురద పడుతుంది, పది ఘనపు మీటర్ల లారీలకెత్తితే 360 లారీలు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

మడ్డి ఎంత పేరుకుందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పొడవాటి కర్ర చివరి భాగానికి తెల్లటి తువ్వాలు చుట్టి, పడవలోంచి నిలువుగా అడుగు తగిలేదాకా దించి, కాసేపు ఆగి మెల్లగా పైకి తీస్తారు. మడ్డి ఎంత ఎత్తున ఉందో అంతవరకు తువ్వాలు నల్లబడి వస్తుంది. స్కేలు పెట్టి కొలిచి, అలా చెరువులో పాతిక చోట్ల కొలిచి సగటు తీస్తే సరి. నీళ్లు లోపలికొచ్చే తూము దగ్గర ఎక్కువ, బయటికెళ్లే చోట తక్కువ ఉండటం మామూలు, అందుకే ఒక్కచోట కొలిచి ఊరుకోకూడదు. ఒక పూట పని. దీన్ని రెండు మూడేళ్లకోసారి చేసి రాసిపెట్టే ఊళ్లకు పూడిక ఖర్చు పిడుగులా మీద పడదు.

తీసిన మడ్డిని ఎరువు పేరుతో పార్కు పూలమొక్కలకు వేసేద్దామనే ఆలోచన ఎవరో ఒకరికి వస్తుంది. తొందరపడకూడదు. ఏలికపాముల గుడ్లు నీళ్లకంటే బరువు కాబట్టి చెరువులో కిందికి దిగి మడ్డిలోనే ఉండిపోతాయి. నీళ్లు బాగుపడటానికి అదే కారణం, మడ్డి ప్రమాదకరం కావడానికీ అదే కారణం. ఆ గుడ్లు ఏళ్ల తరబడి చావకుండా ఉండగలవు. పిల్లలు మట్టిలో ఆడే చోట, సరిగ్గా ఆరబెట్టి పరీక్ష చేయించని మడ్డి వేయకూడదు. శుద్ధిచేసిన నీళ్లు వేరే సంగతి. సాగునీటికి లీటరుకు ఒక గుడ్డు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పింది. సరిగ్గా కట్టిన చెరువుల వరుస ఆ హద్దును అందుకోగలదు. పచ్చికకు కావాల్సిన నత్రజని, భాస్వరం ఆ నీళ్లలోనే ఉంటాయి.

పార్కుకూ చెరువుకూ మరో చుట్టరికం ఉంది. చిన్న ఊళ్లో పార్కు గడ్డి కోసేవాళ్లే చెరువు గట్టు గడ్డీ కోస్తారు. గట్టున గడ్డి పెరిగి నీళ్లలోకి వాలితే ఆ నిలవ నీటి అంచున దోమలు గుడ్లు పెడతాయి. చెరువు చుట్టూ చెట్లు నాటితే అందంగా ఉంటుందన్న ప్రతిపాదన కౌన్సిల్‌లో తరచూ వస్తుంది, వినడానికి బాగానే ఉంటుంది కూడా. కానీ నీళ్లు కలవాలంటే గాలి తగలాలి, నాచుకు ఎండ కావాలి, గట్టులోకి దిగిన వేళ్లు నీళ్లకు దారి చేస్తాయి. చెట్లు పార్కులో నాటుకోవచ్చు.

పార్కు గురించి ఒక్క మాటే చెప్పాలంటే ఉయ్యాల కింది నేల గురించి చెబుతాను. గొలుసు తెగితే ఫిర్యాదు వస్తుంది. కింద పోసిన చెక్కపొట్టు పిల్లల కాళ్లకు తన్నుకుపోయి గుంట పడితే ఎవరూ ఫిర్యాదు చేయరు. రెండు మీటర్ల ఎత్తు నుంచి పడిన బిడ్డ తల 20 సెంటీమీటర్ల మెత్తటి పొరలో కుదురుకుంటే దాని మీద సగటు తాకిడి గురుత్వ త్వరణానికి పది రెట్లు. రెండు సెంటీమీటర్లలోనే ఆగిపోతే వంద రెట్లు. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించడమే, అంతకుమించి లెక్క లేదు. పొట్టు బాగా అవసరమైన చోట్లు ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర. ముందుగా చెదిరిపోయేదీ అక్కడే. ఒక పార, పది నిమిషాలు.

మూడో అంశం సిబ్బంది ప్రయోజనాలు. అంకెలే కాబట్టి ఇది సైన్సు కాదనిపించొచ్చు, కానీ చెరువు అడుగున జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఉద్యోగి ఈ ఏడాది చేసిన పనికి పింఛను హక్కు ఈ ఏడాదే పుడుతుంది, చెల్లింపు మాత్రం 30 ఏళ్ల తర్వాత. అప్పుడు 100 చెల్లించాలంటే ఈరోజు ఎంత పక్కన పెట్టాలి? నిధి మీద ఏటా 7 శాతం రాబడి వస్తుందనుకుంటే 13 చాలు. 4 శాతమే వస్తుందనుకుంటే 31 కావాలి. ఉద్యోగి మారలేదు, మాట మారలేదు, ఊహ మారితే బాకీ రెండింతలు దాటింది. వాడుకోని సెలవుల సంగతీ ఇంతే. ఇరవై ఏళ్ల కిందట తక్కువ జీతంలో దాచుకున్న సెలవును చాలాచోట్ల పదవీ విరమణ నాటి జీతం లెక్కన చెల్లించాలి. కూర్చున్న చోటే పెరిగే అప్పు అది. అమెరికాలో స్థానిక ప్రభుత్వాల పింఛను లోటును పద్దుల చివరి వివరణల్లోంచి తీసి ఆస్తి అప్పుల పట్టీలోనే చూపాలని 2012లో ప్రమాణం వచ్చింది. అంతవరకు అది నీళ్ల కింది మడ్డే.

ఇక్కడ చెరువు కట్టే ఇంజనీర్ల పద్ధతి నాకు నచ్చుతుంది. వాళ్లు విస్తీర్ణాన్ని ఏడాది సగటు ఉష్ణోగ్రతతో లెక్కించరు, అత్యంత చలి నెల సగటుతో లెక్కిస్తారు. ఇందాకటి ఊళ్లో నీళ్లు చలికాలంలో 10 డిగ్రీలకు దిగితే హెక్టారు సత్తా రోజుకు 350 కిలోల నుంచి 100కు పడిపోతుంది. అప్పుడు 0.7 కాదు, 2.5 హెక్టార్లు కావాలి. వేసవి అంకెతో కడితే తక్కువ భూమితో పని జరిగినట్టు కనిపిస్తుంది, చలికాలంలో ఊరంతా వాసన వస్తుంది. పింఛను నిధికి 7 శాతం రాసుకునే కౌన్సిల్ వేసవి అంకెతో చెరువు కడుతోంది.

ప్రయోజనాలంటే పింఛను ఒక్కటే కాదు. మురుగు దగ్గర పనిచేసేవాళ్లకు హెపటైటిస్, ధనుర్వాతం టీకాలు, జబ్బు చేస్తే కోత పడని సెలవు దండగ ఖర్చు కాదు. మ్యాన్‌హోళ్లు, మూసి ఉన్న పంపు గదుల్లో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ ప్రమాదం. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని లోపలికి దిగినవాళ్లు తిరిగి రాలేదు. గ్యాస్ మీటరు, పైన కాపలాగా ఇంకో మనిషి లేకుండా ఎవరినీ దింపకూడదు.

జీతం, పింఛను ఆకర్షణీయంగా లేకపోతే చెరువు చూసే మనిషి పక్క ఊరికి వెళ్లిపోతాడు. అక్కడ ఊరు పోగొట్టుకునేది ఏమిటో ఏ పద్దులోనూ కనిపించదు. చలి దేశాల్లో చెరువు మంచు కింద నెలల తరబడి ఊపిరాడక ఉండి, మంచు కరగగానే కొన్నాళ్లు దుర్వాసన కొడుతుంది. ఎండ ముదిరి నాచు పుంజుకుంటే దానంతటదే తగ్గుతుంది. ఈ సంగతి తెలిసిన ఉద్యోగి ఫోన్ చేసినవాళ్లకు సర్దిచెప్పి ఆక్సిజన్ కొలుస్తూ కూర్చుంటాడు. తెలియని వాడు ఏదో రసాయనం కొనిపిస్తాడు. కొత్తగా చేరిన మనిషి అన్ని రుతువుల్లో ఒక్కసారైనా చెరువును చూడాలంటే పాతవాడు రిటైరయ్యే ముందు ఏడాదిపాటు ఇద్దరూ కలిసి పనిచేయాలి. ఒకే పోస్టుకు ఒక ఏడాది రెండు జీతాలు, బడ్జెట్ సమావేశంలో ముందుగా కోతపడేది ఇదే. కోయక తప్పదంటే కనీసం తువ్వాలు కొలతలు రాసిన పాత పుస్తకం, తూము గేట్లు ఏ నెలలో ఎంత ఎత్తారో రాసిన చిట్టా కొత్తవాడి చేతికి అందేలా చూడాలి.