"క్వెరీ రావట్లేదన్నా": ఫోన్‌లో డేటాబేస్ కష్టాలు, కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను విజయవాడ పటమటలో కూర్చుని డేటాబేస్ సపోర్ట్ చేస్తాను. డేటాబేస్ నుంచి లెక్కలు తీయడానికో, మార్చడానికో రాసే ఆదేశమే క్వెరీ. ఎక్కువ కాల్స్ గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కొట్ల నుంచే వస్తాయి. నలభై కిలోమీటర్లు కూడా లేని దూరం. అయినా ఫోన్‌లో మాట కలవడానికే సగం పూట పడుతుంది.

అపోహ: "రావట్లేదు" అంటే అవతలివాళ్లకు అర్థమైపోతుంది.

మనకు ఈ ఒక్క మాట అన్నిటికీ సరిపోతుంది. ఎర్రర్ వచ్చినా రావట్లేదే, ఒక్క వరుస కూడా రాకపోయినా రావట్లేదే, అంకె తేడాగా ఉన్నా రావట్లేదే. ఫిబ్రవరి మొదట్లో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు చూసే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, జనవరి టోటల్ రావట్లేదన్నా."

"ఎర్రర్ ఏమైనా చూపిస్తోందా?"

"లేదన్నా, టోటల్ వస్తోంది. కానీ రావట్లేదు."

నవ్వు ఆపుకుని, ఎంత రావాలి, ఎంత వచ్చింది అని అడిగాను. పుస్తకం తీసి చెప్పాడు: రావాల్సింది 1,846 టిక్కీలు (మిర్చి బస్తాలు), వచ్చింది 1,774. ఆ తేడా 72 టిక్కీలు ఏ రోజువో చూడమన్నాను. రెండు నిమిషాలాగి, "అన్నీ 31వ తేదీవే అన్నా" అన్నాడు. ఇక క్వెరీ చూడకుండానే సంగతి తెలిసిపోయింది. బిల్లు కాలమ్‌లో తేదీతో పాటు టైమ్ కూడా ఉంది. ఈ తేదీ నుంచి ఆ తేదీ దాకా అని అడిగే బిట్వీన్‌లో చివర '2025-01-31' అని రాస్తే అది 31వ తేదీ అర్ధరాత్రి 00:00:00 దగ్గరే ఆగిపోతుంది. ఆ పగలు కొట్టిన బిల్లులన్నీ బయటే. '2025-01-01' నుంచి మొదలుపెట్టి, '2025-02-01' కంటే తక్కువ అని రాయించాను. 1,846 వచ్చింది. ఆ రెండు అంకెలు మొదటే చెప్పి ఉంటే నా టీ చల్లారేది కాదు.

అపోహ: స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే చాలు.

ట్యూబ్‌లైట్ మెరుపు పడి ఎర్రర్ మెసేజ్ సగం కనపడదు. కనపడినా నేను కాపీ చేసుకోలేను. టెక్స్ట్‌గా పంపండి, మొత్తం పంపండి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో 1064 ఎర్రర్ (క్వెరీ రాసిన తీరులో తప్పు) వస్తే తప్పు దగ్గరి ముక్కను కొటేషన్లలో చూపిస్తుంది. అసలు తప్పు చాలాసార్లు ఆ ముక్కకు కాస్త ముందే ఉంటుంది, మరిచిపోయిన కామా లాంటిది. అందుకే ఆ ముక్క ఒక్కటీ పంపితే పని జరగదు.

ఇంకొందరు "సింపుల్ చేసి" పంపుతారు. ఆ సింపుల్ చేయడంలో తప్పు కూడా ఎగిరిపోతుంది, నా దగ్గర అది చక్కగా నడుస్తుంది. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం తప్పకుండా మార్చండి. క్వెరీని ముట్టుకోవద్దు.

అపోహ: చెప్పేవాడికి అంతా తెలుసు, వినేవాడే తప్పు చేస్తాడు.

ఇది నా తప్పు. ఒకసారి ఫోన్‌లో "ఆ కింది లైను తీసేసి రన్ చెయ్" అన్నాను. నా ఉద్దేశంలో అది ఏ క్రమంలోనో చెప్పే ఆర్డర్ బై లైను. అతని స్క్రీన్ మీద అన్నిటికంటే కిందున్నది ఏ వరుసలను ముట్టుకోవాలో చెప్పే వేర్ లైను. అది ఉన్న వివరాలను మార్చే అప్‌డేట్ క్వెరీ. రేటు కాలమ్ అంతా ఒకే రేటు అయిపోయింది. మైఎస్‌క్యూఎల్‌లో మార్పును వెంటనే ఖాయం చేసేసే ఆటోకమిట్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది కాబట్టి వెనక్కి తిప్పడానికి లేదు. ముందురోజు రాత్రి బ్యాకప్ ఎక్కించి, ఆ రోజు బిల్లులు ఇద్దరం కూర్చుని మళ్లీ కొట్టాం. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. అప్పటినుంచి "పైది", "కింది" అనే మాటలు మానేశాను. లైను మొత్తం చదివి వినిపిస్తాను, రన్ కొట్టే ముందు అవతలివాళ్ల చేత చదివించుకుంటాను.

పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో, క్వెరీ ఎలా నడుస్తుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ పెట్టమని చెప్పేటప్పుడూ ఇదే జాగ్రత్త. వట్టి ఎక్స్‌ప్లెయిన్ క్వెరీని నడపదు. దాని పక్కన అనలైజ్ చేరిస్తే నిజంగానే నడుపుతుంది, అది డిలీట్ అయితే వరుసలు నిజంగానే పోతాయి.

అపోహ: "స్లోగా ఉంది" అంటే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) వేయాలి.

ఎన్ని సెకన్లు, ఎవరెవరు పనిలో ఉన్నారు అని ముందు అడుగుతాను. 50 సెకన్లు ఆగి 1205 ఎర్రర్ వచ్చిందంటే క్వెరీ స్లో కాదు, ఇంకెవరో పట్టుకున్న లాక్ (ఒకరు మారుస్తుండగా ఇంకొకరిని ఆపే తాళం) కోసం ఎదురుచూసింది. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే భాగమైన ఇన్నోడీబీలో ఆ గడువు మామూలుగా 50 సెకన్లే. పోయినసారి ఇలాగే వెతికితే, పక్క సిస్టమ్‌లో బిల్లు ఎడిట్ తెరిచి సేవ్ కొట్టకుండా భోజనానికి వెళ్లిన గుమస్తాగారు దొరికారు.