గడువు తీరిన డొమైన్ పేరు ఎవరిది? కొన్ని అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ట్రేడ్‌మార్క్, వ్యాపార తగాదాల కేసులు చూసే న్యాయవాదిగా నా దగ్గరికి డొమైన్ పేరు (వెబ్‌సైట్ చిరునామా) పోయిందని వచ్చేవారిలో మిర్యాలగూడ రైస్ మిల్లుల వారి నుంచి మహబూబ్‌నగర్ ప్రైవేటు కళాశాలల వారి దాకా అన్ని రకాల వారూ ఉంటారు. ఎవరు వచ్చినా మొదట చూపించేది రసీదే. ఈ తగాదాల్లో రసీదు కన్నా రెండు విషయాలకు బలం ఎక్కువ: రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంది, గడువు తీరి ఎన్ని రోజులైంది.

అపోహ: డబ్బు కట్టి కొన్నాం కాబట్టి ఆ పేరు మన సొంతం.

డొమైన్‌ను ఇంటి స్థలంలా ఒకసారి కొని వదిలేయడం కుదరదు. డాట్ కామ్ పేరును ఒక దఫాలో గరిష్ఠంగా పదేళ్లకు నమోదు చేసుకోవచ్చు, ఆ తర్వాత రెన్యువల్ చేసుకుంటూ పోవాలి. రెన్యువల్ చేసుకునే హక్కు రిజిస్ట్రెంట్‌గా, అంటే ఆ పేరు ఎవరి పేరున ఉందో ఆ వ్యక్తిగా, నమోదైనవారికే ఉంటుంది. మన ప్రాంతంలో చాలా వెబ్‌సైట్లను తెలిసిన కుర్రాడో, హైదరాబాద్‌లోని డిజైనరో తయారు చేస్తారు. బిల్లులో డిజైన్, హోస్టింగ్, డొమైన్ అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. రిజిస్ట్రెంట్ వివరాల్లో మాత్రం ఆ డిజైనర్ జీమెయిల్, ఆయన ఫోన్ నంబరు ఉంటాయి. "పైసలు మేమే కట్టినం గదా సార్" అన్న మాట నిజమే, కానీ రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లను నమోదు చేసే సంస్థ) దృష్టిలో ఖాతాదారు ఆ డిజైనరే. గడువు హెచ్చరికలు కూడా ఆయనకే పోతాయి.

అపోహ: గడువు తీరిన మర్నాడే పేరు పోతుంది. లేదా, ఎప్పుడైనా నెల రోజుల వెసులుబాటు ఉంటుంది.

ఈ రెండూ తప్పే, రెండోది మరీ ప్రమాదకరం. డాట్ కామ్ వంటి పేర్లకు ఐకాన్ (ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే సంస్థ) నియమాల ప్రకారం రిజిస్ట్రార్ గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు తీరిన ఐదు రోజుల లోపు ఇంకోసారి నోటీసు పంపాలి. గడువు తర్వాత రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకు రెన్యువల్‌కు అవకాశం ఉండవచ్చు. ఆ పేరును రిజిస్ట్రార్ తొలగిస్తే 30 రోజుల రిడెంప్షన్ కాలం మొదలవుతుంది; అప్పుడు అదనపు రుసుము కట్టి పేరును వెనక్కి తెచ్చుకోవచ్చు. అది కూడా దాటితే ఐదు రోజులు పెండింగ్ డిలీట్‌లో (తొలగింపు కోసం వేచి ఉండే దశలో) ఉండి, ఆపై ఎవరైనా తీసుకోగలిగేలా బయటికి వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చాలా రిజిస్ట్రార్లు పేరును తొలగించకుండానే, తొలి దశలోనే వేలానికి పెడతారు. వేలంలో గెలిచినవారికి పేరు బదిలీ అయిపోతే రిడెంప్షన్ అనే దశే రాదు. అందుకు మీ సమ్మతి, ఎవరూ చదవకుండా టిక్ కొట్టే ఒప్పందంలోనే ఉంటుంది. డాట్ ఇన్ పేర్లు నిక్సీ (ఆ పేర్ల రిజిస్ట్రీని చూసే భారతీయ సంస్థ) పరిధిలోనివి కాబట్టి, పై గడువులు వాటికీ అలాగే వర్తిస్తాయనుకోకుండా మీ రిజిస్ట్రార్‌నే రాతపూర్వకంగా అడగడం మంచిది. మరుపు చిన్నవారికే వస్తుందని కూడా అనుకోనక్కరలేదు: 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యువల్‌కు 35 డాలర్లు కట్టడం మరిచిపోతే, ఒక ప్రోగ్రామర్ సొంత డబ్బుతో కట్టాడు.

అపోహ: పేరు జారిపోతే ట్రేడ్‌మార్క్ హక్కూ పోయినట్టే.

అలా కాదు. డొమైన్ గడువు తీరడం వేరు, మార్కును వదులుకోవడం వేరు. అయితే హక్కు ఉన్నంత మాత్రాన పేరు దానంతటదే తిరిగి రాదు. డాట్ కామ్ వంటి పేర్ల తగాదాలను కోర్టు బయట తేల్చడానికి 1999 నుంచి అమలులో ఉన్న యూడీఆర్‌పీ విధానంలో మూడు అంశాలు రుజువు చేయాలి: ఆ పేరు మీ మార్కుతో ఒకేలా లేదా పొరపడేంత దగ్గరగా ఉండాలి, ఎదుటివారికి దానిపై న్యాయమైన హక్కు లేదా ప్రయోజనం ఉండకూడదు, వారు దాన్ని దురుద్దేశంతోనే నమోదు చేసి, దురుద్దేశంతోనే వాడుతూ ఉండాలి. డాట్ ఇన్‌కు వర్తించే అలాంటి విధానమైన ఐఎన్‌డీఆర్‌పీలో నమోదు, వాడకం రెండింటిలో ఏదో ఒకటి దురుద్దేశంతో జరిగినా సరిపోతుంది. ఈ ఒక్క తేడా మీదనే కేసు అటో ఇటో తేలిపోగలదు.

ఊరి పేరునో సాధారణ పదాన్నో డొమైన్‌గా పెట్టుకున్నవారికి ఇక్కడ ఇబ్బంది ఎక్కువ. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, కానీ ఆ గుర్తింపు ఒక్కటే యూడీఆర్‌పీలో మార్కుగా నిలబడదు. అలాంటి పేరుపై బలహీనమైన ఫిర్యాదు వేస్తే, ఎదుటివారి పేరు లాక్కునే ప్రయత్నం చేశారని, ఫిర్యాదుపై తీర్పు చెప్పే ప్యానెల్ మీ మీదే వ్యాఖ్య రాయవచ్చు.

అపోహ: డొమైన్ నమోదు రికార్డులో 2009 అని ఉంది కాబట్టి, ఇప్పటి హక్కుదారు మన మార్కు కన్నా పాతవాడు.

నా దగ్గరికి వచ్చే ముందే చాలామంది ఆశ వదులుకునేది ఈ తేదీని చూసే. వేలంలో చేతులు మారిన పేరుకు తొలి నమోదు తేదీ మారకుండా అలాగే ఉంటుంది. ప్యానెల్ మాత్రం ఇప్పటి హక్కుదారుకు ఆ పేరు ఎప్పుడు దక్కిందన్నదే చూస్తుంది. ఆ తేదీ దొరకడానికి పాత రికార్డుల ప్రతులు, రిజిస్ట్రార్ మారిన సమయం, వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల పాత ప్రతులను దాచే సైట్‌లో) పేజీ మారిపోయిన నెల పనికొస్తాయి. నిన్నటిదాకా మిల్లు ఫొటోలు ఉన్న పేజీలో ఈ రోజు జూదం ప్రకటనలు కనిపిస్తే వెంటనే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. తర్వాత ఆ పేజీని తీసేస్తారు.

అపోహ: ఫిర్యాదు కోసం జెనీవాకో ఢిల్లీకో తిరగాలి, గెలిస్తే నష్టపరిహారం వస్తుంది.

రెండూ కావు. యూడీఆర్‌పీ ప్రక్రియ దాదాపు అంతా ఈమెయిల్ ద్వారానే జరుగుతుంది, అందులో దక్కేది పేరు బదిలీ లేదా రద్దు మాత్రమే. నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టుకే వెళ్లాలి. డొమైన్ పేరుకు పాసింగ్ ఆఫ్ (తన వ్యాపారాన్ని మరొకరిదిగా చలామణి చేయడాన్ని అడ్డుకునే) సూత్రం కింద రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది.

అపోహ: వాడని పేరు పోతే పోనిద్దాం.

ఆ పేరు మీద ఈమెయిల్ చిరునామాలు నడిచి ఉంటే అలా వదలడం మంచిది కాదు. కొత్త హక్కుదారు అవే చిరునామాలను మళ్లీ సృష్టించుకుంటే, ఆ తర్వాత వచ్చే ఉత్తరాలన్నీ ఆయనకే చేరతాయి, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులతో సహా. బ్యాంకులో, జీఎస్టీ ఖాతాలో, కళాశాల అడ్మిషన్ పోర్టల్‌లో ఇచ్చిన పాత చిరునామాలన్నీ మార్చి, ఆ మార్పు నిజంగా నమోదైందో లేదో పరీక్షించి చూసిన తర్వాతే పేరును వదలాలి. అంతవరకు ఒకటి రెండేళ్లు రెన్యువల్ కడుతూ ఉండటం, తర్వాత ఫిర్యాదుకు అయ్యే ఖర్చు కన్నా చాలా తక్కువ.