ఈఈజీ గదిలో మెరిసే లైటు: ఫిట్స్‌కీ కంటి నరానికీ ఉన్న పాత బంధం

మొన్న పంజాగుట్టలోని ఒక ఆసుపత్రికి మా మేనల్లుణ్ని ఈఈజీకి, అంటే తలకు వైర్లు అంటించి మెదడు విద్యుత్తును నమోదు చేసే పరీక్షకు, తీసుకెళ్లాం. టెక్నీషియన్ అమ్మాయి వాడి జుట్టు పాయలు తీసి, పేస్టు అద్ది, ఒక్కో వైరూ అంటించింది. చివర్లో "కళ్లు మూసుకో నాన్నా, లైటు మెరుస్తుంది, భయపడకు" అంటూ ముఖానికి ఎదురుగా ఒక లైటు పెట్టింది. అది మొదట మెల్లగా, తర్వాత గబగబా మెరిసింది. మా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయటికొచ్చాక అడిగింది: "ఫిట్స్ మెదడులో కదరా, కంట్లో లైటు కొట్టడమెందుకు?"

అక్కకు సరైన జవాబు చెప్పాలంటే నూట డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1851లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త, కంటి లోపలికి చూసే సాధనమైన ఆఫ్తాల్మోస్కోప్ గురించి ప్రచురించాడు. బతికున్న మనిషి కంటి లోపలి భాగాన్ని వైద్యులు స్పష్టంగా చూడగలిగింది అప్పటి నుంచే. అక్కడ లేత గులాబీ రంగులో గుండ్రటి మచ్చ ఒకటి కనిపిస్తుంది. కంటి నరం మొదలయ్యే చోటు అదే. పేరుకు నరమే గానీ, నిజానికి అది మెదడు నుంచి ముందుకు సాగిన ముక్క. మెదడును కప్పే పొరలే దాన్నీ కప్పుతాయి. మెదడుకు నెత్తురు మోసే ధమని నుంచే కంటి ధమనీ చీలుతుంది. సుమారు 12 లక్షల పోగులు అందులో ఉంటాయి. పుర్రె తెరవకుండా మెదడును చూడగలిగే కిటికీ ఆనాటి వైద్యులకు ఇదొక్కటే.

అప్పట్లో ఫిట్స్ గురించి గట్టిగా చెలామణిలో ఉన్న మాట, మెదడుకు నెత్తురు అందకే వస్తాయని. 1857లో కుస్మాల్, టెన్నర్ అనే పరిశోధకులు కుందేళ్ల మెడలో ధమనులను మూసి చూశారు. నెత్తురు ఆగగానే ఆ జంతువులు ఫిట్స్ వచ్చినట్టు గిలగిలా కొట్టుకున్నాయి. మెదడు రక్తనాళాలు బిగుసుకోవడమే మూర్ఛకు మూలమని బ్రౌన్ సెకార్డ్ వాదించాడు. లండన్‌లో హ్యూలింగ్స్ జాక్సన్ అనే నరాల వైద్యుడు మాత్రం మెదడు జబ్బున్న ప్రతి రోగి కంట్లోకీ ఆఫ్తాల్మోస్కోప్‌తో చూడాలని పట్టుబట్టాడు. మూర్ఛ అంటే మెదడు బూడిద పదార్థంలో (నాడీకణాలు ఉండే భాగంలో) హఠాత్తుగా, అతిగా జరిగే శక్తి విడుదల అని 1873లో నిర్వచించింది ఆయనే. మనిషి మెదడు విద్యుత్తును ఇంకా ఎవరూ నమోదు చేయని రోజుల్లో అంత దూరం చూశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1890లో రాయ్, షెరింగ్టన్ ఇంకో ముడి విప్పారు. మెదడులో ఎక్కడ పని పెరిగితే అక్కడికి నెత్తురు పెరుగుతుందన్నారు. 1924లో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రచురించాడు. 1930లలో గిబ్స్, లెనాక్స్ బృందం ఫిట్స్‌కు ముందు మెదడులో నెత్తురు తగ్గుతుందేమో కొలిచి చూస్తే, తగ్గలేదు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే మెదడు సర్జన్ ఆపరేషన్ బల్లమీద తెరిచిన మెదడును కళ్లారా చూశాడు. ఫిట్స్ వచ్చిన చోట నెత్తురు పెరుగుతోంది. పాత వాదం తలకిందులైంది. నెత్తురు తగ్గి ఫిట్స్ రావడం కాదు, ఫిట్సే నెత్తురును లాక్కుంటున్నాయి.

ఈ సంగతి ఇవాళ వార్డుల్లో పనికొస్తోంది. మందులకు లొంగని మూర్ఛకు ఆపరేషన్ చేసే ముందు, మెదడులో నెత్తురు ఎక్కడ ఎక్కువగా చేరిందో చూపే స్పెక్ట్ స్కాన్ చేస్తారు. వీడియో ఈఈజీ పెట్టిన మంచం పక్కన రేడియోధార్మిక మందు నింపిన సిరంజితో సిబ్బంది కాచుకుని ఉంటారు. ఫిట్ మొదలైన కొద్ది సెకన్లలో ఎక్కిస్తే, నెత్తురు ఎక్కువగా చేరిన చోటు తర్వాత స్కాన్‌లో వెలుగుతుంది.

కంటి నరం దగ్గర కథ అంత సూటిగా సాగదు. 1972లో చార్లెస్ రీవా అనే పరిశోధకుడు లేజర్ డాప్లర్‌తో (కదిలే నెత్తురు మీద పడి తిరిగొచ్చే లేజర్ వెలుగులోని మార్పును బట్టి) కంటి వెనక తెర అయిన రెటీనాలో నెత్తురు వేగాన్ని కొలవడం మొదలుపెట్టాడు. తర్వాత మత్తిచ్చిన పిల్లుల కళ్లలో లైటు మెరిపిస్తే కంటి నరం మొదట్లో నెత్తురు పెరిగింది. ఇందులో పొటాషియంకూ నైట్రిక్ ఆక్సైడ్‌కూ పాత్ర ఉందని ప్రయోగాలు సూచించాయి. అంటే నాడీకణాల దేహాలు లేని, ఒట్టి పోగులున్న చోట కూడా పనిని బట్టి నెత్తురు మారుతుంది. మరి ఫిట్ వచ్చినప్పుడు? ఈ నరంలో సందేశాలు దాదాపు అన్నీ కంటి నుంచి మెదడుకే వెళ్తాయి. మెదడు తుఫాను వెనక్కి కంటి దాకా రావడానికి దారి లేనట్టే. పైగా ఫిట్‌లో బీపీ పెరుగుతుంది, ఊపిరి తడబడి నెత్తురులో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దానికీ నాళాలు విప్పారతాయి. ఈ రెండింటినీ అదుపులో పెట్టకుండా కంటి నరంలో నెత్తురు పెరిగిందంటే, అది ఫిట్స్ పనేనని చెప్పలేం. ఇప్పుడు ఇంజెక్షన్ లేకుండానే కంటి నాళాల బొమ్మ తీసే ఓసీటీ ఆంజియోగ్రఫీ వచ్చింది. కానీ కొట్టుకుంటున్న మనిషి గడ్డాన్ని మెషీన్ మీద ఆనించి కూర్చోలేడు. కాబట్టి ఫిట్‌కూ ఫిట్‌కూ మధ్య తీసిన బొమ్మలను ఫిట్ వేళ సంగతిగా చదవకూడదని నా గట్టి అభిప్రాయం.

మూర్ఛ ఉన్నవాళ్లను కంటి డాక్టరు దగ్గరికి పంపడానికి వేరే కారణం ఒకటుంది, దానికి నెత్తురుతో పని లేదు. విగాబాట్రిన్ అనే మూర్ఛ మందు వాడినవాళ్లలో కొందరికి పక్కచూపు శాశ్వతంగా తగ్గుతోందని 1997లో బయటపడింది. అందుకే ఆ మందు మీదున్నవాళ్లకు ఫీల్డ్ టెస్ట్ చేస్తారు, చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. అలాగని డాక్టర్‌ను అడగకుండా మందు మానేయడం ప్రమాదం.

ఇక ఈఈజీ గదిలో లైటు ఎందుకంటే, మెరిసే వెలుగు కొందరిలో ఫిట్స్ తెప్పిస్తుంది. 1946లో గ్రే వాల్టర్ బృందం మెరిసే లైటుతో దీన్ని పరీక్షించింది. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక కార్టూన్‌లో రంగులు గబగబా మెరిస్తే సుమారు 685 మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. మూర్ఛ ఉన్నవాళ్లలో నూటికి అయిదుగురి లోపే వెలుగుకు ఇలా స్పందిస్తారు.

మావాడి రిపోర్టులో లైటుకు ఏ మార్పూ రాలేదు. ఫిట్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టే మా పక్కింటి పెద్దమ్మకు కూడా ఈసారి అక్క చెప్పింది: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఆ సాయంత్రమే నెల రోజులుగా ఊడదీసి ఉంచిన టీవీ ప్లగ్గు మళ్లీ పెట్టింది.