వంద గ్రెయిన్ల ములికి ఎక్కడి నుంచి వచ్చింది?

వేట బాణానికి బ్రాడ్‌హెడ్, అంటే అంచు పదునున్న వెడల్పాటి ములికి, కొనబోయేవారికి ముందుగా కనిపించేది ఒక అంకె. డబ్బా మీద 100 అని ఉంటుంది. పక్కన 125 ఉంటుంది. అడిగితే 150, 200, 300 కూడా తీసి ఇస్తారు, కానీ సగటు కొనుగోలుదారు చేయి 100 దగ్గరే ఆగుతుంది. గ్రెయిన్ అంటే గింజ. గురిగింజ ఎత్తు లాంటి పాత తూకమే. ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌను. ఆ లెక్కన 100 గ్రెయిన్లు ఆరున్నర గ్రాములకు కాస్త తక్కువ. దుప్పి ఎముక గట్టితనాన్నో చర్మం మందాన్నో కొలిచి ఎవరో తేల్చిన అంకె ఇదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ అంకెను తేల్చింది జంతువు కాదు, విల్లు.

అమెరికాలో నేటి విల్లువేట కథను 1911 నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. యాహీ తెగలో చివరివాడిగా మిగిలిన ఇషీ ఆ ఏడాది కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణం దగ్గర జనంలోకి వచ్చాడు. విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంటున్న అతనికి వైద్యం చేసిన సర్జన్ శాక్స్‌టన్ పోప్ అతని దగ్గరే విల్లువిద్య నేర్చుకున్నాడు. ఇషీ ములుకులను అబ్సిడియన్ అనే అగ్నిపర్వతపు గాజురాతితో చెక్కేవాడు, సీసా గాజు దొరికితే దానితోనూ చెక్కేవాడు. కొన్ని బాణాలకు కాడ ముందుభాగంలో బరువైన కర్రముక్కను వేరుగా అతికేవాడు. దీన్ని గుర్తుంచుకోవాలి. బాణం బరువు ముందుకు ఉండాలన్న మాట ఈమధ్య కొత్తగా కనిపెట్టినట్టు వినిపిస్తోంది గానీ, తేలికైన రెల్లు కాడకు ముందు గట్టి కర్రను దిగేసే పద్ధతి చాలా తెగల్లో ఏనాటి నుంచో ఉంది.

1916లో ఇషీ క్షయతో చనిపోయాక పోప్ ప్రయోగాలు ఆపలేదు. పెట్టెలో ఆవు కాలేయం నింపి, పైన జింక చర్మం కప్పి బాణాలు వేసి చూశాడు. ఉక్కు ములికి కంటే అబ్సిడియన్ ములికే లోతుగా దిగింది. సర్జన్ కనుక కోతకు పదును ఎంత ముఖ్యమో అతనికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా పెద్ద జంతువుల వేటకు అతను ఉక్కునే ఎంచుకున్నాడు, ఎందుకంటే రాయి ఎముక తగిలితే చిట్లిపోతుంది.

విస్కాన్సిన్ రాష్ట్రం 1934లో విల్లుతో జింకలను వేటాడేందుకు ప్రత్యేక కాలాన్ని అనుమతించింది. అక్కడి నుంచి ఒక్కో రాష్ట్రం అదే బాట పట్టింది. అప్పటి బాణం చెక్క బాణం. కాడ కొసను పెన్సిల్ ములికిలా కోసుగా చెక్కి, జిగురు కడ్డీని మంట మీద కరిగించి పూసి, వేడిగా ఉండగానే ములికిని తొడిగి, బల్ల మీద దొర్లిస్తూ వంకర సరిచేసేవారు. చల్లారితే అంతే సంగతి. బరువు మార్చాలంటే మళ్లీ వేడి చేసి ఊడదీయాలి. అంచేత ఎవరికీ అంకెల మీద అంత మోజు ఉండేది కాదు. విల్లుల వేగాన్ని పోల్చడానికి తయారీదారుల సంఘం పెట్టుకున్న పాత ప్రమాణం చూస్తే ఆ రోజుల్లో మామూలు బాణం ఎంత బరువుండేదో అర్థమవుతుంది: 60 పౌన్ల విల్లుకు, అంటే నారిని లాగడానికి 60 పౌన్ల బలం కావాల్సిన విల్లుకు, 540 గ్రెయిన్ల బాణం. విల్లు పౌనుకు తొమ్మిది గ్రెయిన్లన్నమాట.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. ఒకటి అల్యూమినియం. డగ్ ఈస్టన్ 1939లో మొదలుపెట్టిన లోహపు కాడలు తర్వాతి దశాబ్దాల్లో చెక్కను పక్కకు నెట్టాయి. వాటి పేర్లే కొలతలు: 2216 అంటే వ్యాసం అంగుళంలో 64వ వంతులు 22, గోడ మందం వెయ్యో వంతులు 16. బోలుగా ఉన్న గొట్టంలో మరబిగింపు ఇన్‌సర్ట్, అంటే ములికిని తిప్పి బిగించడానికి మరలున్న చిన్న లోహపు ముక్క, పెట్టడం తేలిక. దాంతో ములికి బిగించే వస్తువైపోయింది. సాధనకు మొండి ములికి, వేటకు పదును ములికి. రెండూ ఒకే బరువుంటే చాలు, మార్చుకోవచ్చు. ములికి బరువుకు డబ్బా మీద చోటు దొరికింది అప్పుడే.

రెండోది కాంపౌండ్ విల్లు. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ 1966లో దరఖాస్తు పెట్టి 1969 చివర్లో పేటెంట్ పొందాడు. విల్లు కొసలకు కప్పీలు తగిలించి, నారిని పూర్తిగా లాగాక పట్టుకునే బరువు తగ్గేలా చేశాడు. అదే చేతిబలంతో ఎక్కువ శక్తి నిల్వ చేసుకునే యంత్రం వచ్చేసరికి జనం వేగం వెనక పడ్డారు. దూరం చెప్పకుండా జంతువుల బొమ్మల మీద వేయించే పోటీలు ఈ పరుగును ఇంకా పెంచాయి. దూరం అంచనా తప్పినా తేలికైన, వేగమైన బాణం ఆ తప్పును కొంత కాస్తుంది. వేగాన్ని ప్రకటించే కొత్త ప్రమాణం 70 పౌన్ల విల్లుకు 350 గ్రెయిన్ల బాణం, పౌనుకు అయిదు గ్రెయిన్లు. తొమ్మిది నుంచి అయిదుకు. ఈ దిగుడులోనే 125 కాస్తా 100 అయింది. కార్బన్ కాడలు వచ్చి మిగతా బాణాన్నీ తేలిక చేశాక 100 ఇక కదల్లేదు. ప్రకటనల్లో సెకనుకు ఇన్ని అడుగులని పెద్ద అచ్చులో వేసుకోవడానికి వాడిన బాణాన్ని వేటకు సరైన బాణమని నమ్మడం దగ్గరే తప్పు జరిగిందని నా అభిప్రాయం.

ములికి బరువు మారితే బాణం బరువొక్కటే మారుతుందనుకుంటే పొరపాటు. కాడ వంగే తీరు కూడా మారుతుంది. నారి వదిలిన క్షణంలో వెనక తోపుకు, ముందున్న బరువుకు మధ్య నలిగి కాడ విల్లులా వంగుతుంది, చేపలా అటూ ఇటూ ఊగుతూ సాగుతుంది. వింటిబద్ద పక్కనుంచి వెళ్లాల్సిన బాణం గురికి నేరుగా ఎలా పోతుందన్న చిక్కుకు రాబర్ట్ ఎల్మర్ 1913లో విలుకాడి వైపరీత్యం అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1930లలో భౌతికశాస్త్రవేత్త క్లారెన్స్ హిక్మన్ అతివేగ కెమెరాతో ఆ వంపును పట్టి చూపించాడు.

ఈ వంగుడు గుణాన్నే స్పైన్ అంటారు. 28 అంగుళాల దూరంలో రెండు ఆనుల మీద కాడను పెట్టి, మధ్యలో 1.94 పౌన్ల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగింది అనుకోండి, అది 500 స్పైన్. అంకె పెరిగితే కాడ మెత్తన. ములికికి బరువు చేర్చినా, కాడను పొడుగ్గా ఉంచినా ఎగిరేటప్పుడు అది ఇంకా మెత్తనిదానిలా ప్రవర్తిస్తుంది. 100 తీసి 200 బిగించి, మరునాడు బాణం పక్కకు పోతోందని ములికిని తిట్టుకునేవారు ఎందరో. నేరం కాడది.

ఆ మార్పు తూకంలో ఎలా ఉంటుందో చూద్దాం. 28 అంగుళాల బాణం, మొత్తం 400 గ్రెయిన్లు. వేలి మీద నిలబెడితే నారి కూర్చునే నాక్ నుంచి 17 అంగుళాల దగ్గర తూగింది. సగం 14 కనుక, మూడు అంగుళాలు ముందుకు ఉంది. పొడవులో అది సుమారు 10.7 శాతం. ఎఫ్‌ఓసీ (ఫ్రంట్ ఆఫ్ సెంటర్, మధ్యకు ఎంత ముందుకు తూగుతుందన్న లెక్క) అనేది ఇదే. ముందు మరో 100 గ్రెయిన్లు చేరిస్తే తూగే చోటు 19.2 అంగుళాలకు జరుగుతుంది, శాతం 18 దాటుతుంది. ముందు బరువున్న బాణాన్ని వెనక ఈకలు తేలిగ్గా దారిలో పెడతాయి. కత్తి అంచులు గాలిని పట్టి బాణాన్ని పక్కకు లాగడం బ్రాడ్‌హెడ్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు. తగిలాకే రెక్కలు విప్పుకొనే ములుకులు పుట్టింది ఆ జబ్బుకు మందుగానే. అయితే విప్పుకోవడానికే కొంత శక్తి ఖర్చవుతుంది.

వేగం మోజుకు ఎదురుగాలి ఆఫ్రికా నుంచి వీచింది. 1980ల మొదట్లో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో ఎడ్ ఆష్‌బీ అనే వేటగాడు, పరిశోధకుడు నిజమైన జంతు కళేబరాల మీద రకరకాల బాణాల ప్రభావాన్ని నమోదు చేశాడు. బరువైన ఎముకను దాటడానికి బాణం మొత్తం బరువుకు 650 గ్రెయిన్ల చుట్టూ ఒక గడప ఉందన్న అతని మాట బాగా ప్రచారమైంది. బరువైన బాణాల పక్షం వారికి అది వేదవాక్కయింది. తమాషా ఏమిటంటే, బాణం లోతుకు దిగడానికి తోడ్పడే పన్నెండు అంశాలను అతను ప్రాముఖ్య క్రమంలో పేర్చినప్పుడు మొదటిది బాణం విరగకుండా, వంగకుండా ఉండటం. రెండోది ఒడుదొడుకులు లేకుండా ఎగరడం. ఆ 650 గడప చిట్టచివరన ఉంది.

లెక్క రెండు పక్షాలకూ కొంత కొంత ఇస్తుంది. ఒకే విల్లు నుంచి 400 గ్రెయిన్ల బాణం సెకనుకు 280 అడుగుల వేగంతో, 650 గ్రెయిన్లది 223 అడుగుల వేగంతో వెళ్లాయనుకుందాం. గతిశక్తి దాదాపు సమానం: 94 జౌల్‌లు, 97 జౌల్‌లు. ద్రవ్యవేగంలో మాత్రం బరువైనది 29 శాతం ఎక్కువ, అందుకే ఎముక తగిలినా తొందరగా ఆగదు. ఇక రెండో వైపు: 33 మీటర్ల దూరాన్ని 30 అని పొరపడితే, గాలి నిరోధాన్ని వదిలేసి లెక్కిస్తే, తేలికది ఆరున్నర సెంటీమీటర్లు కిందికి తగులుతుంది, బరువైనది పదిన్నర. ఊపిరితిత్తులకు బదులు కాలికి తగలడానికి ఆ నాలుగు సెంటీమీటర్ల తేడా ఒక్కోసారి చాలు. అప్పుడు జంతువు గాయంతో పారిపోతుంది, రోజుల తరబడి బాధపడుతుంది. లేజర్ దూరమాపకాలు అందుబాటులోకి వచ్చాక ఈ భయం తగ్గింది. వేగం ఎంత పెంచినా శబ్దాన్ని దాటలేమన్నదీ జనానికి ఎక్కింది: 280 అడుగులంటే శబ్ద వేగంలో పావు వంతే, నారి చప్పుడు బాణం కంటే ముందే జింక చెవిని చేరుతుంది.

ఇప్పుడు చాలామంది 450 నుంచి 550 గ్రెయిన్ల మధ్య స్థిరపడుతున్నారు, అంటే తిరిగి తిరిగి పాత చెక్క బాణం బరువు దగ్గరికే వచ్చారు. ఇందులో దుకాణాల తెలివి కూడా ఉంది. 100 గ్రెయిన్ల డబ్బాలు అలమరల్లో అలాగే ఉన్నాయి. వాటి పక్కన 50, 75 గ్రెయిన్ల ఇత్తడి ఇన్‌సర్ట్‌లు కొత్తగా చేరాయి. ములికి మీది అంకె మారలేదు. కాడ ముందుభాగంలో, ఇషీ కర్రముక్క అతికిన చోటనే, ఇత్తడి దిగింది.